హెల్మెట్ పెడితే కళ్ళజోడు కాడలు కణతల్లో గుచ్చుకుంటున్నాయి, ఏం చేయాలి?

కూర్మన్నపాలెం_కుర్రాడు

రోజూ వైజాగ్‌లో కూర్మన్నపాలెం నుంచి రుషికొండ ఐటీ హిల్స్ వరకు బండి మీదే వెళ్ళి వస్తాను. పొద్దున గంట దాటుతుంది. సాయంత్రం ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఇరుక్కుంటే గంటన్నర. రెండు కళ్ళకీ సైట్ ఉంది, మైనస్ 4.5. కళ్ళజోడు తీస్తే ముందు బండి నంబరే కనపడదు.

రెండు నెలల కిందట ఫుల్ ఫేస్ హెల్మెట్ కొన్నాను, 580 సైజు. షాపులో పెట్టి చూసుకున్నప్పుడు కళ్ళజోడు తీసి జేబులో వేసుకున్నాను. హెల్మెట్ సరిగ్గా సరిపోయింది. మర్నాడు కళ్ళజోడుతో పెట్టుకున్నాక తెలిసింది సంగతి. షీలానగర్ చేరేసరికి చెవుల పైన నొప్పి మొదలవుతుంది. మద్దిలపాలెం వచ్చేసరికి కణతల్లో సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. ఆఫీసుకి వెళ్ళి అరగంట కూర్చుంటే గానీ తగ్గదు.

పోయిన బుధవారం భరించలేక ఇసుకతోట దగ్గర బండి ఆపి కళ్ళజోడు తీసేశాను. కాస్త దూరమే కదా అనుకున్నాను. హనుమంతవాక దాటాక ఎడమ పక్కన ఒక ఆటో ఆగి ఉంది, అందులోంచి ఒక పెద్దావిడ దిగుతోంది. ఆవిడ నాకు ఆఖరి నిమిషంలో కనపడింది. బ్రేక్ పడింది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక ముఖం కప్పని టోపీ హెల్మెట్‌కి మారిపోదాం అనుకుంటున్నాను. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. కళ్ళజోడు ఉన్నవాళ్ళు మీరంతా ఏం చేస్తున్నారో చెప్పండి.

నైట్‌షిఫ్ట్_నాని

ముందు ఒక్క మాట చెప్పు గురూ. కళ్ళజోడు పెట్టుకుని దాని మీద హెల్మెట్ దూరుస్తున్నావా, హెల్మెట్ పెట్టుకున్నాక కళ్ళజోడు తొడుగుతున్నావా?

కూర్మన్నపాలెం_కుర్రాడు

కళ్ళజోడు పెట్టుకునే హెల్మెట్ దూరుస్తాను. వేరేలా ఎలా పెడతారు?

నైట్‌షిఫ్ట్_నాని

సగం నొప్పి అక్కడే ఉంది. హెల్మెట్ కిందకి దిగేటప్పుడు బుగ్గల ప్యాడ్లు కాడల్ని కూడా కిందకి ఈడ్చేస్తాయి. కాడ వంకరగా ఇరుక్కుని చెవి మీదో కణత మీదో నొక్కుతూనే ఉంటుంది.

ముందు హెల్మెట్ పెట్టు. వైజర్ (ముఖం ముందుండే అద్దం) ఎత్తు. కళ్ళజోడు రెండు చేతులతో పట్టుకుని కాడలు రెండూ ఒకేసారి, కణతలకి ఆనించి నెమ్మదిగా వెనక్కి తోయి. ప్యాడ్‌కీ తలకీ మధ్య అది దారి చేసుకుంటుంది. తీసేటప్పుడు రివర్స్, ముందు కళ్ళజోడు, తర్వాత హెల్మెట్. నేను రోజుకి ముప్పైసార్లు పెట్టి తీస్తాను, డెలివరీ పని మరి. ఇలా అలవాటు చేసుకున్నాక మూడేళ్ళలో ఒక్క ఫ్రేమ్ కూడా విరగలేదు.

బుల్లెట్_బాబాయ్

టోపీ హెల్మెట్ ఆలోచన మానెయ్ బాబూ. స్టీల్ ప్లాంట్‌లో నాతో పనిచేసిన ఒకాయన మల్కాపురం దగ్గర ఇసుకలో జారాడు. తలకి టోపీ హెల్మెట్ ఉంది, తల బాగానే ఉంది. దవడ విరిగింది. ఆరు వారాలు జావ, మజ్జిగ, పండ్ల రసం, అంతే. నవ్వితే ఇప్పటికీ మూతి ఒక పక్కకి వెళ్తుంది. మీ ఆవిడ మాట విను.

నాకూ కళ్ళజోడు ఉంది. హుద్‌హుద్ వచ్చిన ఏడాది, 2014లో కొన్న ఫుల్ ఫేస్ హెల్మెట్ ఇది. ఇప్పుడు దూదిలా మెత్తగా అయిపోయింది, కళ్ళజోడు హాయిగా దూరుతుంది. కొత్తది కాస్త అరగనియ్యి, అదే సర్దుకుంటుంది.

సిరిపురం_స్కూటీ

బాబాయ్ గారూ, హుద్‌హుద్ నాటి హెల్మెట్ ఇంకా వాడుతున్నారా! లోపలి ఫోమ్ దూదిలా అయిపోయిందంటే అది తలని పట్టుకోవడం లేదనే కదా. తల ఇటూ అటూ ఊపి చూడండి. హెల్మెట్ ఒకచోట, తల ఒకచోట తిరిగితే అది ఇక పనికిరాదు. ఎండ, చెమట, మన సముద్రం గాలి కలిసి ఎన్నేళ్ళు తిన్నాయో దాన్ని. అయిదేళ్ళకోసారి మార్చమంటారు, మీది రెండు జీవితాలు బతికేసింది.

బుల్లెట్_బాబాయ్

తల ఊపి చూశానమ్మా. తిరుగుతోంది.

పెందుర్తి_ఫణి

ఇంత దూరం ఆలోచించక్కర్లేదు. నాకూ ఇదే బాధ ఉండేది. లోపలి గుడ్డ తీసి, కాడలు తగిలే చోట థర్మోకోల్‌ని స్పూన్ వెనక వైపుతో గట్టిగా నొక్కి గాడి చేశాను. పావుగంట పని. ఏడాదిన్నర నుంచి నొప్పి లేదు.

ఘాట్‌రోడ్_గిరి

@పెందుర్తి_ఫణి అలా చేయకు తమ్ముడూ. ఇది చదివి ఇంకెవరూ చేయకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

హెల్మెట్‌లో మెత్తటి ఫోమ్ ఒకటి, గట్టి థర్మోకోల్ ఒకటి. రెండింటి పనీ వేరు. మెత్తటిది మన సుఖానికి, తల కదలకుండా పట్టుకోవడానికి. థర్మోకోల్ ప్రాణానికి. పడ్డప్పుడు పై చిప్ప దెబ్బని పరుస్తుంది, థర్మోకోల్ నలిగిపోతూ ఆ దెబ్బని తాను తీసుకుంటుంది. అది నలగడమే దాని పని, అదీ ఒక్కసారే. అందుకే ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా పారేయమంటారు. నువ్వు స్పూన్‌తో ముందే నలిపేశావు. అదీ కణత దగ్గర. కణత ఎముక పుర్రెలో పలచగా ఉండే చోట్లలో ఒకటి.

ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 (హెల్మెట్ల ప్రమాణం నంబరు) అని వెనక ఉంటుంది కదా. ఆ పరీక్షలు థర్మోకోల్ చెక్కు చెదరకుండా ఉన్న హెల్మెట్‌కి చేసినవి. స్పూన్ పడ్డ దానికి కాదు.

పెందుర్తి_ఫణి

రెండు మిల్లీమీటర్లు కూడా లేదు అన్నా. కంపెనీవాళ్ళే కొన్ని హెల్మెట్లకి కళ్ళజోడు గాడి ఇస్తున్నారు కదా, అదీ గాడే, ఇదీ గాడే.

ఘాట్‌రోడ్_గిరి

వాళ్ళు గాడితో సహా అచ్చు పోస్తారు, గాడితో సహా పరీక్షకి పంపుతారు. చాలావాటిలో ఆ గాడి అసలు బుగ్గల ప్యాడ్ ఫోమ్‌లోనే ఉంటుంది, థర్మోకోల్‌లో కాదు. నీకు ఇబ్బంది తప్పింది, సంతోషమే. కానీ ఆ హెల్మెట్‌తో నువ్వు తిరుగుతుంటే నాకు మనసు ఊరుకోదు. కొత్తది కొను, కొనేటప్పుడు నేనూ వస్తాను.

పెందుర్తి_ఫణి

వస్తానన్నారు కాబట్టి ఆదివారం పిలుస్తా. సరే అన్నా, కణత ఎముక సంగతి నాకు తెలియదు.

నిర్వాహకుడు

థర్మోకోల్ కోయడం, నొక్కడం, కాల్చడం గురించి ఇక్కడ ఇకపై సలహాలు వద్దు. ఫణి గారి పోస్టు తీసేయడం లేదు, కింద గిరి గారి జవాబు ఉంది కాబట్టి.

అద్దాల_మేస్త్రి

జగదాంబ దగ్గర ఇరవై రెండేళ్ళుగా కళ్ళజోళ్ళు అమ్ముతున్నాను. నా దగ్గరికి ఫ్రేమ్ విరిగి వచ్చేవాళ్ళలో బండివాళ్ళే ఎక్కువ. అందరూ హెల్మెట్ గురించే మాట్లాడుతున్నారు, ఫ్రేమ్ గురించి ఒక్కరూ అడగలేదు.

@కూర్మన్నపాలెం_కుర్రాడు నీ ఫ్రేమ్ కాడలు వెడల్పుగా ఉన్నాయా? ఇప్పుడు ఫ్యాషన్‌గా వచ్చే మందపాటి ప్లాస్టిక్ ఫ్రేములు ముఖానికి బాగుంటాయి, హెల్మెట్ లోపల మాత్రం స్కేలు బద్ద పెట్టినట్టే. బండికి కావలసింది సన్నటి, చదునైన, కాస్త వంగే కాడ. టైటానియం గానీ టీఆర్90 అనే తేలిక ప్లాస్టిక్ గానీ తీసుకో. కాడ చివర చెవి వెనక కొక్కెంలా బాగా వంగి ఉంటే హెల్మెట్ పెట్టాక లోపలికి తోయలేవు, వంపు ప్యాడ్‌లో పొడుచుకుంటుంది. వంపు తక్కువగా, దాదాపు తిన్నగా ఉండాలి. ఇది ఫ్రేమ్ మార్చకుండా కూడా చేయించుకోవచ్చు. షాపులో వేడి చేసి సరిచేస్తారు. ఇంట్లో కొవ్వొత్తి మీద ప్రయత్నించకండి, నా దగ్గర అలా కాలిన కాడలు ఒక డబ్బా నిండా ఉన్నాయి.

ఇంకొకటి. మీలో ఎవరికైనా ఇంకా గాజు లెన్సులు ఉంటే బండి మీద వాడొద్దు. పగిలితే కంట్లోకి వెళ్తుంది. పాలీకార్బొనేట్ లెన్స్ వేయించుకోండి, మీ వైజర్ చేసేది కూడా సాధారణంగా దానితోనే.

హెల్మెట్ కొనడానికి వెళ్ళినప్పుడు కళ్ళజోడు తొడుక్కుని అయిదు నిమిషాలు కాదు, పావుగంట అక్కడే కూర్చోండి. షాపువాడు ఏమీ అనుకోడు. నొప్పి మొదట్లో తెలియదు, పది నిమిషాలు దాటాకే తెలుస్తుంది.

కూర్మన్నపాలెం_కుర్రాడు

వెడల్పాటి నల్ల ఫ్రేమే అండీ. కాడ నా చిటికెన వేలంత ఉంది. ఇప్పుడే చూసుకున్నాను.

మధురవాడ_మైనస్‌ఆరు

ఇన్ని తిప్పలు ఎందుకు? కాంటాక్ట్ లెన్స్ పెట్టుకో. నాకు రెండు కళ్ళూ మైనస్ ఆరు. నాలుగేళ్ళ నుంచి బండి మీద లెన్సులే. పక్క చూపు కూడా పూర్తిగా వస్తుంది, ఫ్రేమ్ అంచు అడ్డం ఉండదు. వాన పడితే అద్దాలు తుడుచుకోనక్కర్లేదు. ఆఫీసుకి వెళ్ళాక కూడా తలనొప్పి లేదు.

కంటిచూపు_కల్యాణి

కళ్ళు పరీక్షించే ఆప్టోమెట్రిస్ట్‌ని. లెన్సులు చాలామందికి బాగా సరిపోతాయి, మైనస్‌ఆరు గారు చెప్పిన పక్క చూపు మాట నిజం. కానీ కుర్రాడు గారు వెళ్ళే దారి చూస్తే కొంచెం ఆలోచించాలి. గాజువాక నుంచి ఎన్‌ఏడీ వరకు లారీల వెనక దుమ్ము, ఆపైన రోజుకి పది గంటలు ఏసీలో కంప్యూటర్ ముందు. కంప్యూటర్ చూసేటప్పుడు రెప్ప వేయడం తగ్గిపోతుంది, కన్ను ఎండుతుంది. సాయంత్రం ఆ ఎండిన కంట్లో లెన్స్‌తో గంటన్నర బండి. వైజర్ కొంచెం ఎత్తినా ఒక్క ఇసుక రేణువు చాలు, కన్ను తెరవలేరు.

వాడాలనుకుంటే రోజుకో జత పారేసే రకం తీసుకోండి. వైజర్ మూసే నడపండి. బ్యాగ్‌లో కళ్ళజోడు తప్పకుండా ఉండాలి. లెన్స్‌ని కుళాయి నీళ్ళతో కడగొద్దు, తాగే నీళ్ళతో కూడా వద్దు. నీళ్ళలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు నల్లగుడ్డు మీది పొరని, అంటే కార్నియాని, తినేస్తాయి, ఆ పుండు మానడం చాలా కష్టం. లెన్స్‌తో నిద్రపోవద్దు.

ఎలాగూ ఎవరో అడుగుతారు కాబట్టి లేసిక్ (సైట్ తగ్గించే లేజర్ ఆపరేషన్) గురించి కూడా. పద్దెనిమిది దాటాలి, పవర్ ఏడాదిగా మారకుండా ఉండాలి, కార్నియా మందం సరిపోవాలి. ఆ పరీక్ష చేయించుకోకుండా ఎవరూ అవును కాదు చెప్పలేరు. చేయించుకున్నా కొన్ని నెలలు కన్ను పొడిబారడం మామూలే.

మధురవాడ_మైనస్‌ఆరు

దుమ్ము మాట ఒప్పుకుంటాను. మధురవాడ నుంచి రుషికొండ దగ్గరే కదా, నాకు లారీలు తగలవు. లేసిక్‌కి నేనూ వెళ్ళాను, కార్నియా పలచగా ఉంది వద్దన్నారు. వద్దని చెప్పిన ఆ డాక్టర్ గారికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

భీమిలి_మాస్టారు

నాది వేరే గొడవ. వయసు 49. ప్రోగ్రెసివ్ లెన్స్, పైన దూరం, కింద దగ్గర. హెల్మెట్ పెట్టగానే బుగ్గలు పైకి లేచి ఫ్రేమ్‌ని కూడా పైకి తోసేస్తున్నాయి. దాంతో నేను రోడ్డుని దగ్గరి చూపు భాగంలోంచి చూస్తున్నాను. అలలు తేలినట్టు ఉంటుంది. భీమిలి నుంచి తగరపువలస వెళ్ళే దారిలో స్పీడ్ బ్రేకర్ ఎంత ఎత్తో అంచనా దొరకడం లేదు. పిల్లల్ని బడిలో కూర్చోబెట్టి పాఠం చెప్పడానికి పనికొచ్చే కళ్ళజోడు రోడ్డు మీద శత్రువైంది.

అద్దాల_మేస్త్రి

మాస్టారూ, బండికి విడిగా ఒక్క దూరం పవర్‌తోనే ఒక జత చేయించుకోండి. స్పీడో మీటర్ కాస్త మసగ్గా కనపడుతుందేమో, అంతే. మీ వయసులో మీటర్ దూరం చాలామందికి పెద్ద ఇబ్బంది కాదు. అన్నిటికీ ఒకే జత అంటే కుదరదు. రోజూ కట్టే బట్టలు వేరు, పెళ్ళి బట్టలు వేరు లేవా!

ఫ్రేమ్ కదిలితే చూపు మారడం మైనస్ పవర్ వాళ్ళకి కూడా ఉంటుంది. ఫ్రేమ్ ముక్కు మీద నుంచి జారితే లెన్స్ కంటికి దూరమవుతుంది, మైనస్ బలం తగ్గినట్టు అవుతుంది. పవర్ ఎక్కువున్న వాళ్ళకి తేడా బాగా తెలుస్తుంది. చెమటకి జారే ఫ్రేమ్‌కి ముక్కు దగ్గర సిలికాన్ ప్యాడ్లు వేయించుకోండి.

భీమిలి_మాస్టారు

విడిగా ఒక జత అన్న ఆలోచన నాకు తట్టలేదు. నలభై దాటాక లైసెన్స్ రెన్యువల్‌కి డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారు కదా, ఎలాగూ కళ్ళు చూపించుకోవాలి. ఆ పనీ ఈ పనీ కలిపి చేసుకుంటాను.

ఘాట్‌రోడ్_గిరి

లైసెన్స్ అంటే గుర్తొచ్చింది. మొదటిసారి దరఖాస్తులో ఫారం 1 ఉంటుంది. 25 మీటర్ల దూరంలో కారు నంబర్ ప్లేట్ పగటి వెలుగులో చదవగలరా, కళ్ళజోడు ఉంటే దానితో, అని అందులో ఒక ప్రశ్న. అందరం అవునని టిక్ పెట్టి వచ్చేశాం. ఏడాదికోసారి మన వీధిలో నిలబడి నిజంగా చదివి చూడండి. ఇరవై అయిదు పెద్ద అంగలు.

సిరిపురం_స్కూటీ

నొప్పి సంగతి తేలింది కాబట్టి నా బాధ చెప్తాను. ఆవిరి! అమ్మాయిలం స్కార్ఫ్ చుట్టుకుని, దాని మీద కళ్ళజోడు, దాని మీద హెల్మెట్. సిరిపురం నుంచి ద్వారకానగర్ వెళ్ళేలోపు రెండు సిగ్నళ్ళలో అద్దాలు తెల్లగా అయిపోతాయి. బండి కదిలితే పోతుంది, ఆగితే వస్తుంది. ఏసీ ఆఫీసులోంచి బయటికొచ్చిన మొదటి రెండు నిమిషాలు అయితే చెప్పక్కర్లేదు, మన వైజాగ్ గాలిలో తడి అలాంటిది.

జడ క్లిప్ ఉంటే హెల్మెట్ వెనక ఎత్తుగా కూర్చుని ముందు కళ్ళజోడు మీదకి వాలుతుందని కూడా నాకు ఆలస్యంగా తెలిసింది. క్లిప్ తీసేసి మెడ దగ్గర కిందకి ముడి వేసుకుంటున్నాను. బుట్టకమ్మలు ఆఫీసుకి వెళ్ళాకే.

నైట్‌షిఫ్ట్_నాని

అక్కా, స్కార్ఫ్ ముక్కు మీదుగా కడితే ఊపిరి బయటికి పోయే దారి లేక పైకి, నేరుగా అద్దాల మీదకే వస్తుంది. ముక్కు కిందకి దించి కట్టు. ఫుల్ ఫేస్ అయితే వైజర్ మూస్తే దుమ్ము ఎలాగూ రాదు.

అద్దాలకి నేను చేసేది ఇది. గిన్నెలు తోమే లిక్విడ్ సోప్ ఒక్క చుక్క, తడి వేలితో రెండు వైపులా పలచగా రాసి, కడగకుండా మెత్తటి గుడ్డతో తుడిచేస్తాను. కంటికి కనపడని పొర ఒకటి మిగులుతుంది. ఒక షిఫ్ట్ వస్తుంది.

కంటిచూపు_కల్యాణి

సబ్బు పర్వాలేదు. టూత్‌పేస్ట్ మాత్రం వద్దు, చాలామంది రాస్తుంటారు. అది గీరుతుంది. గీతలు పడ్డ లెన్స్, గీతలు పడ్డ వైజర్, రాత్రి ఎదుటి బండి హై బీమ్, మూడూ కలిస్తే రోడ్డంతా నక్షత్రాలే. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి చూపు వైజర్ రెండు వైపులు, లెన్స్ రెండు వైపులు దాటి వస్తుంది. ఆ నాలుగూ శుభ్రంగా ఉండాలి. వైజర్‌ని పొడి గుడ్డతో రుద్దొద్దు. తడి గుడ్డ కాసేపు కప్పి ఉంచితే దుమ్ము, పురుగులు నాని వచ్చేస్తాయి.

కళ్ళజోడు ఎండలో పెట్రోల్ ట్యాంక్ మీద పెట్టి మర్చిపోతే పై కోటింగ్ చిట్లిపోతుంది. అదీ గుర్తు పెట్టుకోండి.

ఘాట్‌రోడ్_గిరి

ఆవిరి అసలు రూపం చూడాలంటే డిసెంబర్‌లో లంబసింగి వెళ్ళాలి స్కూటీ గారూ. తెల్లవారుజామున నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటే బయట మంచు, లోపల నా ఊపిరి. బయట చల్లగా ఉన్న వైజర్‌కి లోపలి వెచ్చటి తడి గాలి తగిలి నీటి చుక్కలైపోతుంది. కళ్ళద్దాలకీ అదే గతి. ఒక మలుపులో నాకు తెల్లటి గోడ తప్ప ఇంకేమీ లేదు. బండి పక్కకి తీసి, హజార్డ్ లైట్లు వేసి, వెలుగు వచ్చేదాకా టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. అంత చలిలో ఆ టీ రుచి మర్చిపోలేను.

తర్వాత రెండు పనులు చేశాను. ముక్కు దగ్గర తగిలించే చిన్న రబ్బరు అడ్డు కొన్నాను, ఊపిరిని కిందకి మళ్ళిస్తుంది. అది వైజర్‌కీ అద్దాలకీ రెండింటికీ పనిచేస్తుంది. రెండోది పిన్‌లాక్. వైజర్ లోపల ఇంకో పలచటి పొర, మధ్యలో గాలి నిలుస్తుంది కాబట్టి ఆవిరి పట్టదు. కానీ వైజర్‌కి దాని కోసం పిన్నులు ఉండాలి, అన్నిటికీ ఉండవు. అది అద్దాల మీద ఆవిరిని ఆపదు కూడా. ఊళ్ళో తిరగడానికి పిన్‌లాక్ కొనక్కర్లేదు, గడ్డం దగ్గరి గాలి రంధ్రం తెరిచి ఉంచితే చాలు.

మధురవాడ_మైనస్‌ఆరు

ఫ్లిప్ అప్ గురించి ఎవరూ మాట్లాడలేదు. గడ్డం భాగం పైకి లేస్తుంది కాబట్టి కళ్ళజోడు తీయకుండానే పెట్టుకోవచ్చు కదా?

ఘాట్‌రోడ్_గిరి

పెట్టుకోవచ్చు. కళ్ళజోడు వాళ్ళకి, రోజుకి పదిసార్లు ఎక్కి దిగేవాళ్ళకి హాయి. కాస్త బరువెక్కువ. గడ్డం భాగం పైకెత్తి నడపడం మాత్రం అన్నిటిలో కుదరదు, అలా నడపొచ్చని రాసి ఉంటేనే. లోపల నల్లద్దం ఉన్న రకం కొంటే అది దించి చూడండి. కొన్నింటిలో అది కళ్ళజోడు పై అంచుకి కొడుతుంది.

బుల్లెట్_బాబాయ్

కొత్త హెల్మెట్ కొన్నాను. కళ్ళజోడుతోనే పెట్టుకుని పావుగంట కూర్చున్నాను, షాపు కుర్రాడు మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. కనుబొమ్మల పైనుంచి టేపుతో తల కొలిచాడు. ఇన్నేళ్ళూ నేను ఒక సైజు పెద్దది వాడాను. స్కూటీ అమ్మాయికి చాలా థ్యాంక్స్ తల్లీ.

ఒక సందేహం. నా అద్దాలు ఎండలోకి వెళ్తే నల్లబడే రకం. బయట నడిస్తే నల్లబడుతున్నాయి, కొత్త హెల్మెట్‌లో నల్లబడటం లేదు. చెడిపోయాయా?

అద్దాల_మేస్త్రి

చెడిపోలేదు బాబాయ్. ఆ లెన్సులు ఎండలోని అతినీలలోహిత కిరణాలకి నల్లబడతాయి. వైజర్ వాటిని చాలావరకు ఆపేస్తుంది, లెన్స్‌కి ఎండ తగిలినట్టే తెలియదు. మీ పాత వైజర్ పైకే ఉండేదేమో, అందుకే అప్పుడు నల్లబడేవి.

బుల్లెట్_బాబాయ్

అవును, పాతది కిందకి దిగేదే కాదు.

కూర్మన్నపాలెం_కుర్రాడు

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి.

మొదటి రోజే నాని చెప్పినట్టు హెల్మెట్ ముందు, కళ్ళజోడు తర్వాత పెట్టుకున్నాను. నొప్పి షీలానగర్‌లో కాకుండా కంచరపాలెం చేరాక మొదలైంది. ఫ్రేమ్ మార్చాను. సన్నటి టైటానియం, తిన్నటి కాడలు. పాత నల్ల ఫ్రేమ్ ఆఫీసులో డెస్క్ మీద ఉంటుంది. దాంతో ఎడమ వైపు నొప్పి పూర్తిగా పోయింది. కుడి వైపు కొంచెం ఉండేది. బుగ్గల ప్యాడ్లు బటన్లు లాగి బయటికి తీసి చూస్తే ఒకటి సరిగ్గా కూర్చోలేదు, కొసన మడత పడి ఉంది. రెండు నెలలు ఆ మడత నా కణతని పొడుస్తోంది. కంపెనీ దగ్గర అదే హెల్మెట్‌కి కొంచెం పలచటి ప్యాడ్లు దొరుకుతాయని తెలిసింది. తెప్పించి వేశాను, ఫోమ్ మాత్రమే మారింది, థర్మోకోల్ జోలికి వెళ్ళలేదు. తల ఊపితే హెల్మెట్ కదలడం లేదు, నుదుటి చర్మం దానితోపాటే కదులుతోంది.

నిన్న ఎన్‌ఏడీలో గంట ఇరుక్కున్నాను. ఇంటికి వచ్చి హెల్మెట్ తీశాక గానీ నొప్పి గురించి గుర్తు రాలేదు. టోపీ హెల్మెట్ కొనడానికి దాచిన డబ్బులతో మా ఆవిడకి కూడా ఫుల్ ఫేస్ కొన్నాను. వెనక కూర్చున్నవాళ్ళకీ చట్టం ఒకటే కదా, అయినా వెయ్యి రూపాయల ఫైన్ కోసం కాదు. హనుమంతవాక దగ్గర ఆ పెద్దావిడ ముఖం నాకు ఇంకా కళ్ళ ముందు ఉంది.

సిరిపురం_స్కూటీ

చాలా సంతోషం! ఆ ఫ్రేమ్ కొలతలు చెప్పగలరా? మా తమ్ముడికి అదే తీసుకుందామని.

కూర్మన్నపాలెం_కుర్రాడు

కాడ లోపలి వైపు 52, 18, 140 అని ఉంది అక్కా. లెన్స్ వెడల్పు, ముక్కు వంతెన, కాడ పొడవు, మిల్లీమీటర్లలో. పాతదానికి కాడ 150. మేస్త్రి గారు చెప్పినట్టు తమ్ముణ్ణి హెల్మెట్ పట్టుకుని షాపుకి వెళ్ళమనండి, అక్కడే పెట్టుకుని చూసుకోవచ్చు. నేను అలాగే చేశాను.

పెందుర్తి_ఫణి

ఆదివారం గిరి అన్నతో వెళ్ళి నేనూ కొన్నాను. పాతది ఇంకెవరూ పెట్టుకోకుండా పట్టీ కత్తిరించి పారేశాం.